రాణిగారి అలక

మొన్న మా ఊళ్ళో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. ప్రబంధాల మీద ప్రసంగం. వక్తగారు మంచి మాటకారి. ఆయన పద్యం అందుకుంటే హాల్లో గుసగుసలు కూడా ఆగిపోతాయి. ముక్కు తిమ్మన దగ్గరికి వచ్చేసరికి ఆ కథ రానే వచ్చింది. విజయనగరం రాజు శ్రీకృష్ణదేవరాయల రాణి తిరుమలదేవి మంచం ఎదురుగా గోడకి రాయలవారి చిత్తరువు ఉందట. ఆవిడ నిద్రలో అటువైపు కాళ్ళు చాపిందట. అది చూసి రాయలవారికి కోపమొచ్చి ఆవిడ గడప తొక్కడం మానేశారట. పుట్టింటివాళ్ళు అరణంగా, అంటే పెళ్ళికానుకగా పంపిన కవి తిమ్మనగారు చూసి చూసి, సత్యభామ కాలితో తన్నినా కృష్ణుడు కోప్పడలేదు సుమా అని చెప్పడానికి పారిజాతాపహరణం రాశారట.

సభ నవ్వింది, చప్పట్లు కొట్టింది. నా పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "నిద్రలో కాళ్ళు ఎటు పోతాయో ఎవరికి తెలుస్తుందమ్మా? దానికి కూడా కావ్యం రాసి సర్దిచెప్పాలా?" అన్నారు నాతో మెల్లిగా. ఆ మాట విన్నాక మిగతా ప్రసంగం నాకు సరిగ్గా బుర్రకెక్కలేదు.

ఈ కథకి ఆధారం లేదని సాహిత్య చరిత్ర కాస్త తిరగేసినవాళ్ళందరికీ తెలుసు. కావ్యంలో తిమ్మన ఎక్కడా ఈ సంగతి చెప్పలేదు. అంతమాత్రాన కొట్టిపారేద్దామని నేననను. చాటుకథలన్నిటికీ సాక్ష్యాలు అడుగుతూ కూర్చుంటే మన సాహిత్యంలో సగం సరదా పోతుంది, తెనాలి రామకృష్ణుడికి నిలవనీడ ఉండదు. నా గొడవ వేరే. ఒక రాణి గురించి మనం తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న ఒకే ఒక్క కథ ఆవిడ పడుకున్న కథ. లేచి ఏం చేసిందో మనకి అక్కర్లేకపోయింది.

లేచి చేసిన పనులకేమో తారీకులతో సహా సాక్ష్యం ఉంది.

రాగిలో, రాతిలో

తిరుమలలో మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో రాయలవారు చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఆయనకి అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురివీ రాగి విగ్రహాలే. "జరగండి, జరగండి" అనే కేకల మధ్య అక్కడ నిలబడి చూడ్డం కుదిరే పని కాదు. ఏ కాస్త వీలు దొరికినా భుజాల మీద చూడండి, ఎవరి పేరు వాళ్ళకి చెక్కి ఉంటుంది. పేరుతో సహా నిలబెట్టారంటే అది అలంకారం కోసం పెట్టిన రాణి బొమ్మ కాదు, ఫలానా మనిషి అని లెక్క.

రాయలవారు మొదటిసారి కొండకి వచ్చింది 1513 ఫిబ్రవరి 10న. ఆయన నవరత్న కిరీటం సమర్పించారు. రాణులిద్దరూ స్వామికి పాలు ఆరగింపు చేయడానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. మరుసటి ఏడాది ఉదయగిరి గెలిచి తిరిగొస్తూ జూలై 6న మళ్ళీ వచ్చారు. ఆ రోజు 30,000 బంగారు నాణాలతో చేసిన కనకాభిషేకాన్ని అందరూ చెప్పుకుంటారు. అదే సందర్భంలో రాణులిద్దరూ స్వామికి నగలు పెట్టి, నైవేద్యాల ఖర్చుకి చెరొక ఊరు రాసిచ్చిన సంగతి ఎవరి నోటా రాదు. కిరీటం మెరిసే చోట పాలగిన్నె ఎవరికి ఆనుతుంది?

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది, దాటేసి వెళ్ళలేను. ఆ గిన్నెలు, ఆ ఊళ్ళు నిజంగా రాణులవేనా? రాజుగారి ఖజానాలోంచే తీసి, వాళ్ళ చేత ఇప్పించి, వాళ్ళ పేరున శాసనం వేయించారేమో. ఇప్పటికీ గుళ్ళల్లో ఫ్యాన్ రెక్కల మీద "శ్రీమతి ఫలానా" అని భార్య పేరు రాయించే భర్తలున్నారు కదా. ఒకవేళ అదే జరిగినా, నా వాదన పడిపోదనుకుంటాను. అలా ఇప్పించాల్సిన అవసరం రాజుకి ఎందుకొచ్చింది అన్నది కూడా ప్రశ్నే. రాజ్యం తరఫున దేవుడి ముందు నిలబడ్డానికి రాజు ఒక్కడూ చాలడన్నమాట. రాణి అక్కడ ఉండాలి, తన చేత్తో ఇవ్వాలి, ఆ ఇచ్చినట్టు రాతి మీద ఉండాలి. అది భార్య సరదా కాదు, పదవి. ఇంతకీ రాణుల దగ్గర సొంత సొమ్ము బోలెడంత ఉందనే ఆ రోజుల్లో విజయనగరం వచ్చిన పరాయివాళ్ళు విన్నారు.

పేస్ విన్నది, చూసింది

1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు పెద్దమనిషి డొమింగో పేస్ అంతఃపురం గురించి ఉత్సాహంగా రాశాడు. రాణుల్ని ఆయన కళ్ళతో చూడలేదు, చూసే వీలూ లేదు. వాళ్ళు బయటికి వస్తే నాలుగు వైపులా మూసేసిన పల్లకీల్లోనే వస్తారట. వెంట మూడు నాలుగు వందల మంది నపుంసకులు కాపలాట. జనమంతా దూరంగా తప్పుకోవాలట. లోపల మొత్తం పన్నెండు వేల మంది ఆడవాళ్ళున్నారని తనకి చెప్పారంటాడు. ఆ లెక్క నేను నమ్మను. కొత్తగా ఊరికొచ్చిన విదేశీయుడికి మనవాళ్ళు ఎంత చెప్పాలో అంతా చెప్పి ఉంటారు.

నాకు లెక్క కంటే ఆ పనుల జాబితా ముఖ్యం. కత్తీ డాలూ పట్టేవాళ్ళు, కుస్తీ పట్టేవాళ్ళు, బాకాలూదేవాళ్ళు, పల్లకీ మోసే బోయీలు, బట్టలుతికేవాళ్ళు, వాకిట్లో కాపలా ఉండేవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే. రాజు ఇంటికి ఏయే ఉద్యోగులున్నారో రాణుల ఇళ్ళలోనూ ఆయా ఉద్యోగులున్నారట. భార్యలు పన్నెండు మంది, వాళ్ళలో పెద్ద రాణులు ముగ్గురు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఇల్లు, ధనం, నగలు, అరవై మంది చెలికత్తెలు. మహర్నవమి పండగలో ఈ చెలికత్తెల్ని పేస్ స్వయంగా చూశాడు. ఒంటినిండా దిగేసుకున్న బంగారం బరువుకి చేతులు ఎత్తలేకపోతుంటే పక్కన ఇంకొకరు ఆ చేతులు పట్టుకుని నడిపించారని రాశాడు. చెలికత్తెలే అలా ఉంటే ఆ ఇంటి జమాఖర్చులు ఎలా ఉండేవో! ఇంత సంసారం నడిపిన మనిషిని మనం నిద్రపోతున్న అమ్మాయిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

అలాగని మూసేసిన పల్లకీని మరిచిపోయి "చూశారా, ఆ కాలంలో స్త్రీకి ఎంత స్వేచ్ఛో" అని ఎగిరి గంతెయ్యలేను. దేవుడి ముందు పేరు చెక్కించుకున్న మనిషి దారిలో ఎవరి కంటా పడకూడదు. ఈ రెండూ ఒకే జీవితంలో ఉన్నాయి. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవాళ్ళ మాట రెండు వైపులా నాకు నచ్చదు.

పేస్ రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన ముక్క ఇంకోటుంది. ముగ్గురు రాణులకీ అన్నీ సమానంగా ఉంటాయట, ఒకరికి ఎంతో ఇంకొకరికీ అంతే, వాళ్ళ మధ్య పొరపొచ్చాలు రాకుండా. ముగ్గురూ మంచి స్నేహితులట. స్నేహం సంగతి దేవుడెరుగు, ఆ సమానం మాత్రం తిరుమల శాసనాలతో కలిపి చూస్తే నిజమేననిపిస్తుంది. ఒకరు గిన్నె ఇస్తే ఇంకొకరూ గిన్నె, ఒకరు ఊరు ఇస్తే ఇంకొకరూ ఊరు. ఇంట్లో శుభకార్యానికి తోడికోడళ్ళిద్దరికీ ఒకే కొట్లో ఒకే ధరలో చీరలు కొన్నట్టు. దాని వెనక ఎంత జాగ్రత్త, ఎంత టెన్షన్ ఉంటాయో ఆ చీరలు కొన్న అత్తగారికే తెలుసు.

పైగా తిరుమలదేవి, చిన్నాదేవి ఒకే చోటు నుంచి వచ్చినవాళ్ళు కాదు. తిరుమలదేవిని శ్రీరంగపట్నం రాజు కూతురని చెప్తారు. చిన్నాదేవి గురించి పోర్చుగీసువాళ్ళు చెప్పేది వేరు. రాయలవారు రాజు కాకముందు ఇష్టపడ్డ వేశ్య అట, రాజయ్యాక పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి నిలబెట్టుకున్నాడట. ఆవిడ మీద ప్రేమతోనే కొత్త ఊరు కట్టించాడని కూడా అంటారు. ఆ కొత్త ఊరు నాగలాపురం రాయలవారి తల్లి నాగలాదేవి పేరున వెలిసిందని మన చరిత్రకారులంటారు. తల్లి పేరు అంత స్పష్టంగా కనిపిస్తుంటే నేనూ అటే మొగ్గుతాను. ఊరు ఎవరిదైనా, పోర్చుగీసువాళ్ళ మాటే నిజమైతే రాజు కూతురూ వేశ్యా ఒకే మండపంలో ఒకే లోహంలో రాజుకి చెరోవైపు నిలబడ్డారు. సవతుల కథలు చెప్పడంలో ఆరితేరిన మనం ఈ ఒక్క కథ ఎందుకు చెప్పుకోలేదో!

వక్తగారికి అనుకూలంగా ఒక మాట చెప్పడం న్యాయం. రాజభవనం వాకిట్లో రాయలవారి చిత్తరువు, ఆయన తండ్రి చిత్తరువు అచ్చం మనుషుల్లా వేసి ఉండటం పేస్ చూశాడు. కాబట్టి రాణి గదిలో బొమ్మ ఉండటం అసాధ్యమేమీ కాదు. కథ అల్లినవాళ్ళకి విజయనగరం గోడల సంగతి కాస్త తెలిసే ఉంటుంది.

అమరావతి, కొండపల్లి

1515లో ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న కొండవీడు కోట లొంగాక రాయలవారు అమరావతి వచ్చి తులాపురుషదానం, అంటే తన ఎత్తు బంగారం తూచి ఇచ్చే దానం చేశారు. అక్కడే చిన్నాదేవి రత్నధేనువును (రత్నాలతో చేసిన ఆవును), తిరుమలదేవి సప్తసాగరాన్ని దానమిచ్చారు. మూడూ పదహారు మహాదానాల్లోవే. సప్తసాగరమంటే ఏడు బంగారు పాత్రలు పెట్టి వాటిల్లో ఉప్పు, పాలు, నెయ్యి, బెల్లం, పెరుగు, పంచదార, తీర్థజలం నింపి ఇవ్వడం. ఏడు సముద్రాలన్నమాట. యుద్ధం ఇంకా ముగియలేదు, కృష్ణ అవతల ప్రాంతం ఇంకా గజపతులదే. అలాంటి సమయంలో, నిన్నమొన్నటిదాకా శత్రువు ఏలిన నేల మీద, విజయనగరం రాణి ఏడు సముద్రాల్నీ దానం చేస్తోంది. ఈ నేల ఇప్పుడు ఎవరిదో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? కొండవీడు పగలగొట్టింది ఫిరంగులో ఏనుగులో, ఆ గెలుపుకి పూజారులూ ఊరిపెద్దలూ ఒప్పుకునే రూపం ఇచ్చిన పనిలో మాత్రం రాణులకి వాటా ఉంది.

ఇక నదికి అవతలి కథ. కొండపల్లి అక్కడికి అట్టే దూరం కాదు. మనకి ఇప్పుడు బొమ్మలతో గుర్తొచ్చే ఊరు. అమరావతి దానాలు జరిగిన కొద్దికాలానికి రాయల సైన్యం ఆ కోట పట్టుకుంది. అందులో గజపతి ప్రతాపరుద్రుడి భార్య ఒకావిడ, ఒక కొడుకు దొరికిపోయారని, వాళ్ళని విజయనగరానికి పంపించారని నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసువాడు రాశాడు. ఆ కొడుకు కత్తిసాములో మేటి. తన నేర్పు చూపించమని, తనతో సరితూగని కులంవాడిని ఎదురుగా నిలబెడితే ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడట. కొడుకు ఎలాగూ పోయాడు, నా భార్యని విడిపించుకోవాలంటే ఏం చేయాలి అని గజపతి కబురు పెట్టాడు. మీ కూతుర్ని రాయలవారికిచ్చి పెళ్ళి చెయ్యండి, భార్యా వస్తుంది, భూమీ వస్తుందని జవాబు. అలాగే ఇచ్చాడు. కృష్ణకి ఉత్తరాన గెలిచిన సీమంతా గజపతికి తిరిగి దక్కింది.

తల్లి బయటికి రావడానికి కూతురు లోపలికి వెళ్ళింది.

నూనిజ్ మాట వేదవాక్కు కాదు. ఆయన వచ్చేసరికి రాయలవారు పోయి కొన్నేళ్ళయింది, విన్నవీ కన్నవీ కలగలిపి రాసుకుపోయాడు. కానీ సంధి జరిగింది, గజపతి కూతురు విజయనగరం కోడలైంది, ఉత్తరం వైపు భూమి వెనక్కి వెళ్ళింది. వీటి దగ్గర పెద్ద పేచీ లేదు. ఆ పిల్ల పేరు కూడా మనవాళ్ళ చేతిలో స్థిరంగా నిలవలేదు. తుక్కాదేవి అంటారు, అన్నపూర్ణ అంటారు, జగన్మోహిని అంటారు. రాయలవారు ఆదరించక కంభంలో ఉండిపోయిందని, అక్కడి పెద్ద చెరువు ఆవిడ తవ్వించిందేనని, తన బాధంతా అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అలక అనే మాట నిజంగా ఎవరికైనా వర్తిస్తే ఈవిడకే. అయితే ఈవిడ కోసం కావ్యం రాయడానికి పుట్టింటి నుంచి వెంట వచ్చిన కవి లేడు.

ఇదంతా తెలిశాక ఆ చిత్తరువు కథ నాకు నవ్వు తెప్పించదు. అబద్ధమని కాదు, మరీ చిన్నదని. భార్యాభర్తల మధ్య ఒక కోపం, ఒక బతిమాలాట, మళ్ళీ కలుసుకోవడం. ఆ కథ రాజుగారి అంతఃపురాన్ని మన ఇంటి పడగ్గదిలా చేస్తుంది కాబట్టే మనకి అంత ఇష్టం. కానీ అక్కడ పెళ్ళంటే సంధిపత్రం. కాపురమంటే సమంగా తూచిన ఖజానాలు. ఓడిపోతే రాణి బందీ, గెలిస్తే సప్తసాగర దాత. అదే కృష్ణానది పక్కన, అవే రోజుల్లో, ఇద్దరు రాణులు ఈ రెండూ అనుభవించారు.

తిమ్మన మాటేమిటి?

మరి తిమ్మన కావ్యానికి, తిరుమలదేవికి సంబంధమే లేదా అంటే, ఉందనే నాకు అనిపిస్తుంది. కాకపోతే అందరూ వెతికే చోట కాదు.

పారిజాతాపహరణమంటే మనకి ఆ తన్ను ఒక్కటే. పరీక్షల్లో అదే, సభల్లో అదే. ఆ తరవాత సత్యభామ కృష్ణుడితో స్వర్గానికి వెళ్తుంది, పారిజాతాన్ని తెస్తారు, చివర్లో ఆవిడ పుణ్యకవ్రతం చేస్తుంది. భర్తనే నారదుడికి దానమిచ్చి, మళ్ళీ వెల కట్టి విడిపించుకుంటుంది. అలిగిన సత్య మొదట్లో ఉంది, దానం చేసే సత్య చివర్లో ఉంది. నాకైతే ఈ చివరి సత్యని చూస్తే అమరావతి గుర్తొస్తుంది. మహాదానాలు చేసే రాణుల్ని కళ్ళారా చూస్తున్న ఆస్థానంలో కూర్చుని కవి ఒక రాణి చేసే దానం గురించి రాస్తున్నాడు. వింటున్నవాళ్ళకి ఆ పోలిక తట్టకుండా ఉంటుందా? ఇది నా ఊహే, దీనికీ సాక్ష్యం లేదు. కానీ ఊహించుకోవాల్సి వస్తే కాళ్ళు చాపిన రాణి కంటే ఈ ఊహ ఆ కాలానికి దగ్గరగా ఉందని వాదిస్తాను. పద్యాల సొగసుకి లోటేం రాదు, తన్ను పద్యం తన్ను పద్యమే.

ఇంకో మాట. 1524లో రాయలవారు ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయుడికి పట్టం కట్టారు. ఆ పిల్లవాడి పేరునే హోస్పేట దగ్గర అనంతశయనగుడి ఊరు వెలిసింది. కొద్ది నెలలకే పిల్లవాడు పోయాడు. విషం పెట్టారన్న అనుమానంతో మంత్రి తిమ్మరుసు (అప్పాజీ) కళ్ళు తీయించారన్నది మనం కన్నీళ్ళతో చెప్పుకునే కథ. అప్పాజీ కోసం ఏడుస్తాం, పశ్చాత్తాపపడే రాయలవారి కోసం ఏడుస్తాం. ఆ పిల్లవాడు తిరుమలదేవి కొడుకనే ఎక్కువమంది అంటారు. ఆవిడ ఏమైపోయిందో అడిగినవాళ్ళు నాకింతవరకు కనపడలేదు.

సభ అయ్యాక కాఫీల దగ్గర ఈ సంగతులు కొన్ని తెలిసిన మాస్టారొకరితో అన్నాను. ఆయన తోసిపుచ్చలేదు. "నిజమేనమ్మా, కానీ గిన్నెలూ ఊళ్ళూ శాసనాలూ అని మొదలుపెడితే హాల్లో మనమిద్దరమే మిగుల్తాం. ఆ కథ లేకపోతే తిరుమలదేవి అనే పేరే జనానికి తెలిసేది కాదు" అన్నారు. ఆయన అన్నదాంట్లో రెండో సగం నేను ఒప్పుకుంటాను. పేస్ చెప్పిన పన్నెండు మంది భార్యల్లో మిగతా తొమ్మిది మందికి కనీసం కట్టుకథ కూడా దక్కలేదు. మొదటి సగం మాత్రం ఒప్పుకోను. శాసనం చదివి వినిపించమని ఎవరన్నారు? భార్యని విడిపించుకోవడానికి కూతుర్ని ఇచ్చిన రాజు కథ, కొండపల్లి కోట కథ, సభలో ఒక్కసారి చెప్పి చూడమనండి. ఎవరు లేచి వెళ్తారో నేనూ చూస్తాను.